పుర్రచేతి వంపుకత్తి

మొన్న వేసవిలో నరసరావుపేటలో మా మనవరాలు చదివే స్కూల్లో సెలవుల శిబిరం పెట్టారు. బొమ్మలు వేయడం, కరాటే, ఈతతోపాటు పచ్చి చెక్కతో గరిటెలు చెక్కడం కూడా నేర్పుతామని కాగితం పంపారు. పిల్లను దింపి వచ్చేద్దామని వెళ్ళినదాన్ని, షామియానా కింద అప్పుడే నరికిన కొమ్మల వాసన తగిలేసరికి వెనక కుర్చీలో కూలబడ్డాను. నేర్పే అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. పెట్టె తెరిచి, కత్తులు బల్ల మీద పరిచి, "మీలో లెఫ్ట్ హ్యాండర్స్ ఉన్నారా? ఉంటే చెప్పండి, వాళ్ళకి వేరే కత్తి ఉంది. ఈ కత్తి వాళ్ళకి తిరగదు" అంది. మంచినీళ్ళు ఎవరికైనా కావాలా అని అడిగినట్టు అడిగింది.

పిల్లలెవరూ చెయ్యెత్తలేదు. వెనక నుంచి నా చెయ్యి లేచింది. మనవరాలు సిగ్గుపడి తల వంచుకుంది. ఆ అమ్మాయి మాత్రం నవ్వి, "రండి అమ్మమ్మగారూ" అని కత్తి నా చేతికిచ్చింది.

నా చిన్నతనంలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళందరి చేతుల్లోనూ బెత్తమో, తాడో ఉండేది. ఒక్క మనిషి మాత్రం ఊరికే అడిగింది. ఆమె గురించే ఇదంతా.

నాది పుట్టుకతో పుర్రచేతి వాటం. అన్నం కుడిచేత్తో తినడం ఎవరూ కొట్టకుండానే నేర్చుకున్నాను. అందరూ తింటున్నారు, నేనూ తిన్నాను. కానీ చీపురు పట్టుకున్నా, కొడవలి పట్టుకున్నా, బలపం పట్టుకున్నా ముందు లేచేది ఎడమచెయ్యే. నాయనమ్మ దానికి వేపనూనె రాసింది. ఆ వాసనకైనా ముట్టుకోకుండా ఉంటానని ఆమె లెక్క. నూనె చెయ్యి బలపాన్ని జారవిడిచింది గానీ వాటం మారలేదు. తర్వాత చేతికి చిన్న గుడ్డసంచి తొడిగి మణికట్టు దగ్గర ముడివేసింది. ఆ ముడిని పళ్ళతో విప్పడం నాలుగు రోజుల్లో నేర్చుకున్నాను. "దీనికి మొండితనం ఎముకల్లో ఉందిరా" అని నాన్నతో చెప్పింది.

నాన్న మిరప రైతు. చెయ్యి చేసుకునే మనిషి కాదు. కానీ నలుగురిలో మాట పడటమంటే ఆయనకు ప్రాణం పోయినట్టుండేది. ఎవరింట్లోనైనా పేరంటానికి పోయి నేను ఎడమచేత్తో పసుపు అందుకుంటే, ఆ కబురు నాకంటే ముందు ఇంటికి చేరేది.

ఐదో తరగతిలో పంతులుగారు మారారు. కొత్తాయనకు పద్ధతి ఎక్కువ. మొదటి రోజే నా ఎడమచేతిని నులకతాడుతో బెంచీ కాలికి కట్టేశాడు. పలక కుడిచేతికిచ్చి రాయమన్నాడు. నేను రాసిన 'అ' జెర్రి పాకినట్టు వచ్చింది. ఆయన ఆ పలకను ఎత్తి తరగతికంతా చూపించాడు. అందరూ నవ్వారు. ఇట్లా వారం రోజులు నడిచింది. మణికట్టు ఒరుసుకుపోయి నెత్తురు చెమర్చింది. వారం తర్వాత ఆయన మళ్ళీ పలక ఎత్తి చూపించి నా ముందు పెట్టాడు. నేను దాన్ని తీసి కిటికీలోంచి విసిరేశాను. బయట బావి ఉంది. బావిలో పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

కుడిచేత్తో నేను చేసిన మొదటి మంచి పని అదే.

ఆ సాయంత్రం నాన్న అమ్మతో అన్నాడు. "దీన్ని తీసుకెళ్ళి మీ పెద్దమ్మ దగ్గర దింపిరా. ఆ అడవి పక్కన నాలుగు నెలలు కష్టం చేస్తే కుడిచెయ్యి దానంతటదే తిరుగుద్ది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో కలుస్తా. అప్పటికీ రాకపోతే చదువు మానిపిస్తా. పేడకళ్ళు ఎత్తుకోటానికి ఏ చెయ్యైతే ఏంది."

అమ్మకు పెద్దమ్మ అంటే నాకు పెద్దమ్మమ్మ. మాచర్ల బస్సు దిగి, దుర్గి దాటి, బండిబాటలో చానా దూరం నడిస్తే కొండల అంచున నలభై ఇళ్ళ ఊరు. ఊరి చివర ఆమె పాక. నేను అదివరకు ఆమెను చూడలేదు. ఆమె పేరు ఎత్తితే మా ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు.

ఎందుకో చూడగానే అర్థమైంది. చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుని ఉంది. పెదవుల మధ్య చుట్ట. మొలలో కత్తి. ఆ చొక్కా పోయిన పెద్దతాతయ్యది. ఆయన చెక్కపని చేసేవాడు. ఆయన పోయిన పదకొండో రోజు చుట్టాలు పనిముట్ల పెట్టె కోసం వచ్చారట. ఆడమనిషికి బాడిసెందుకు, ఉలెందుకు అన్నారట. ఆమె పోయి ఆ పెట్టె మీద కూర్చుని, "ఎత్తుకుపోండి, నాతో కలిపి ఎత్తుకుపోండి" అందట. ఎవరూ ఎత్తలేదు. అప్పటినుంచి తెడ్లు, కవ్వాలు, రోకళ్ళు, గొడ్డలి కామలు ఆమే చేసుకుని, ఆమే అమ్ముకుని బతుకుతోంది. ఆ చుట్టాలెవరూ ఆమె గడప తొక్కరు. ఆమెకు ఆ లోటు తెలిసినట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

"కుడిచెయ్యి అలవాటు చెయ్యాలంట పెద్దమ్మా. వాళ్ళ నాన్న మరీమరీ చెప్పాడు" అంది అమ్మ.

"అట్టాగే" అంది పెద్దమ్మమ్మ. అమ్మను మర్నాడు బస్సెక్కించాం.

తిరిగొచ్చాక ఆమె నాకొక చిన్న కొమ్మా కత్తీ ఇచ్చి బెరడు తియ్యమంది. నేను కత్తిని కుడిచేతిలోకి తీసుకుని తంటాలు పడుతున్నాను. ఆమె కాసేపు చూసింది.

"నీకు ఏ చేతిలో బలం?"

నేను ఎడమచేతిని వెనక్కి దాచుకున్నాను.

"దాచిపెట్టటానికి అదేమన్నా దొంగసొత్తా. అడిగింది చెప్పు పిల్లా."

"ఇందులో" అని చూపించాను.

"అయితే దాంతోనే పట్టుకో. రేపటినుంచి నీ చేతికి బాడిస ఇయ్యాల. బలంలేని చేత్తో బాడిస పట్టుకుంటే కాలు తెగిద్ది."

"మరి నాన్న..."

"మీ నాన్న కాలు కాదుగదా తెగేది."

అంతే. ఓదార్పు లేదు, ముద్దు లేదు. కాలు తెగకూడదు కాబట్టి ఎడమచెయ్యి. పదేళ్ళ జీవితంలో ఎవరూ చెప్పనంత తేలిగ్గా ఆమె చెప్పేసింది.

పొద్దున్నే చద్ది తిని అడవిలోకి పోయేవాళ్ళం. నెత్తిన గుడ్డలో జొన్నరొట్టెలు, పండుమిరపకాయల పచ్చడి, ఉల్లిపాయలు. వాగు ఒడ్డున ఒక చదును చోటులో ఆమె పనిమొద్దు ఉండేది. ఏళ్ళ తరబడి బాడిస దెబ్బలు తిని దాని నడుమ పళ్ళెంలా గుంట పడింది. చుట్టూ తునకలు, పొట్టు, బెరడు. నిన్నటి తునకలు గోధుమరంగులో, ఈరోజువి పాలలా తెల్లగా. ఆ చోట పచ్చిచెక్క వాసన, చుట్టపొగ, ఎండుటాకుల వాసన కలిసి వేసేవి. ఆ మూడూ కలిసిన వాసన మళ్ళీ ఎక్కడా నాకు తగల్లేదు.

తెడ్డుకు అంకుడు చెట్టు వాడేది. గాటు పెడితే పాలు కారే చెట్టు అది. దాని కాయలు జంటలుగా, కొసల దగ్గర అతుక్కుని వేలాడతాయి. ఆమె ఎప్పుడూ చెట్టు మొదలు నరికేది కాదు. అరచేతికి పట్టేంత లావు కొమ్మను చూసుకుని, కింద గాటుపెట్టి, పైనుంచి తెగ్గొట్టేది. ఫారెస్టు గార్డు వస్తే దాక్కునేది కూడా కాదు. "మొదలు ముట్టుకున్నానేమో చూసుకో, ముట్టుకునుంటే తీసుకెళ్ళి లోపలెయ్యి" అనేది. అతను చూసి, కూర్చుని, ఒక రొట్టె తిని పోయేవాడు.

కొమ్మను జానెడు, రెండు జానల ముక్కలు చేసి, కొయ్యమేకు పెట్టి నిలువునా చీల్చేది. రంపంతో కోస్తే నార తెగుతుందని, చీలిస్తే చెక్క తన దారిన తాను విడిపోతుందని చెప్పేది. "పచ్చిగా ఉన్నప్పుడే దీనితో మాట్లాడాల. ఎండితే వినదు" అనేది. ఆరోజు చెయ్యలేని ముక్కల్ని వాగు పక్క తడి ఇసుకలో పాతేవాళ్ళం, పగుళ్ళు రాకుండా. సగం చేసిన తెడ్లను పచ్చి ఆకుల్లో చుట్టి ఇంటికి తెచ్చేవాళ్ళం.

నేర్పడంలో ఒక చిక్కు వచ్చింది. ఆమెది కుడిచెయ్యి. పక్కన కూర్చుని ఆమెలా చేద్దామంటే నా చేతులు అడ్డం తిరిగేవి. రెండు రోజులు చూసి, మూడోరోజు నన్ను మొద్దుకు అవతల, తనకు ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఇప్పుడు నా కుడిచెయ్యి నీకెటుంది?"

"ఎడంపక్క."

"అద్దంలో నిన్ను నువ్వు చూసుకుంటున్నావనుకో. నేనెటు కదిలితే నువ్వటు కదులు."

ఆ పంతులుగారికి డిగ్రీ ఉంది. ఎదురుగా కూర్చోబెట్టాలన్న ఆలోచన ఆయనకు రాలేదు.

బాడిసతో ఆకారం చెక్కడం నాకు నెలలో పట్టుబడింది. బాడిస ఏ చేతిలోనైనా ఒకేలా పడుతుంది. తెడ్డుకు గుంట తియ్యడమే కుదరలేదు. దానికి కొస వంగిన కత్తి కావాలి. వంపుకత్తి అనేది ఆమె. దానికి పదును ఒక పక్కనే ఉంటుంది. కుడిచేతికి చేసిన వంపుకత్తిని ఎడమచేత్తో పడితే పదును బయటికి తిరిగి, చెక్కను వదిలేసి గాలిని గీరుతుంది. నేను కోపంతో కత్తిని వాగులోకి విసరబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పలకంటే విసిరావు. ఇది నా మొగుడిది" అంది. పలక సంగతి అమ్మ చెప్పిందన్నమాట. అప్పటిదాకా నన్ను ఒక్కమాట అనలేదు.

మర్నాడు తెల్లారే కమ్మరి దగ్గరికి పోయాం. రెండు ఊళ్ళ అవతల కొలిమి. కమ్మరి పెద్దవాడు. ఆమెను "వదినా" అని పిలిచేవాడు. నా చెయ్యి చూపించి, వంపు అటు తిప్పి కత్తి చెయ్యమని అడిగింది.

"పుర్రచేతికా? నేను చెయ్యను వదినా. మా తాతకాణ్ణించి ఈ కొలిమిలో ఎడంచేతి పనిముట్టు సాగలేదు. అరిష్టం" అన్నాడు.

"దేనికి అరిష్టం?"

"కొలిమికి."

"కొలిమి నీతో చెప్పిందా?"

అతను తిత్తి తొక్కుతున్న కొడుకుకు సైగ చేసి పనిలో పడ్డాడు. ఆమె కొలిమి ముందు కూర్చుంది. నన్నూ కూర్చోబెట్టింది. పొద్దెక్కింది. రొట్టె విప్పి నాకు సగం పెట్టి తను సగం తింది. కొడవళ్ళ కోసం, గునపాల కోసం రైతులు వచ్చి పోతున్నారు. వచ్చిన ప్రతివాడూ "ఏంది అమ్మా ఇట్టా కూర్చున్నావు" అని అడగడం, ఆమె "కత్తి కోసం" అని చెప్పడం. మధ్యాహ్నానికి కమ్మరికి చికాకు పుట్టింది.

"ఎంతసేపు కూర్చుంటావు?"

"చేసిందాకా. చెయ్యకపోతే ఇంకో మాట కూడా విను. నీ గొడ్డళ్ళకి కామలు, నీ కొడవళ్ళకి పిడులు ఎవరు చేస్తారో రేపటినుంచి వెతుక్కో. నా కొయ్య నీ ఇనుముకి తగలదు."

అతను సుత్తి దించాడు. తర్వాత ఒక పాత ఇనుప ఆకురాయి ముక్కను నిప్పుల్లోకి తోశాడు. ఎర్రగా కాగిన ఇనుమును దాగలి మీద పెట్టి వంచేటప్పుడు అతని చెయ్యి రెండుసార్లు అలవాటుగా కుడివైపుకే పోయింది. మూడోసారి అటు తిరిగి నిలబడి, నా వైపునుంచి చూస్తూ కొట్టాడు. కత్తి చల్లారాక నా చేతికివ్వకుండా నేలమీద పెట్టాడు. "తీసుకో. నేనైతే అందియ్యను" అన్నాడు. నేను వంగి ఎడమచేత్తో తీసుకున్నాను. కొలిమికి ఏమీ కాలేదు. అతను చానా ఏళ్ళు బతికాడు.

ఆ కత్తితో గీసిన మొదటి గీతకు పల్చటి చెక్కపొర చుట్టుకుని లేచింది. వెంట్రుకంత సన్నగా, ఉంగరంలా తిరిగి నా ఒళ్ళో పడింది. నేను దాన్ని చెవికి పెట్టుకున్నాను. ఆమె చూసి, "పనిచెయ్యి" అంది.

అల్లరి చెయ్యలేదని కాదు. అంకుడు పాలు అతుక్కుంటాయని కనిపెట్టి ఒకరోజు ఆమె చుట్టల కట్టకు కొసలన్నీ పూసి ఆరబెట్టాను. ఆమె ఒక చుట్ట వెలిగించి పీల్చింది, పొగ రాలేదు. ఇంకోటి వెలిగించింది, రాలేదు. మూడోదాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, నా వైపు చూడకుండానే చేతిలో ఉన్న తెడ్డుతో నా వీపు మీద ఒకటిచ్చింది. "తెడ్డు బాగా కుదిరింది" అని ఆ తెడ్డును పక్కన పెట్టింది. అడవిలో ఉసిరికాయలు పళ్ళు పులిసేదాకా తినేదాన్ని. రేగుపళ్ళ కోసం కంపలోకి దూరి పరికిణీ చింపుకునేదాన్ని.

సంక్రాంతి దాటిన తర్వాత ఒక పొద్దున బాడిస జారి నా కుడి బొటనవేలు తెగింది. నెత్తురు మొద్దంతా పడింది. ఆకు పసరు పిండి గుడ్డ కట్టి ఆమె నన్ను ఊళ్ళోకి తెస్తుంటే, నీళ్ళబావి దగ్గర ఆడవాళ్ళు చూశారు. "ఎడంచేత్తో పట్టుకుంటే అట్టాగే అయిద్దమ్మా. దైవమే బుద్ధి చెప్పినట్టు" అంది ఒకామె.

పెద్దమ్మమ్మ ఆగింది. తన ఎడమచెయ్యి చాపి వాళ్ళ ముందు పెట్టింది. వేళ్ళ మీద, అరచేతి మీద, మణికట్టు దాకా తెల్లటి మచ్చలు. చూపుడువేలికి కొస లేదు.

"ఇయ్యన్నీ నా కుడిచెయ్యి చేసినయ్యే. దాన్నెవరూ కట్టెయ్యమనలేదు గదా" అంది.

ఆ మాట అన్నామె గిలక వైపు తిరిగి తాడు లాగడం మొదలుపెట్టింది.

సాయంత్రాలు పాక ముందు కూర్చుని, పొయ్యిలోంచి బొగ్గు తీసుకుని పల్చటి చెక్కల మీద అక్షరాలు రాసేదాన్ని. ఎడమచేత్తోనే. ఆమెకు చదువు రాదు. ఒకరోజు పక్కన కూర్చుని అడిగింది.

"ఏం రాశావు?"

"పెద్దమ్మమ్మ అని."

చెక్కను అటూ ఇటూ తిప్పింది. "వంకర లేకుండా ఉంది. దీనికా నిన్ను కట్టేసింది?"

"రాత చూడలేదు. చెయ్యి చూసి కట్టేశాడు."

"తెడ్డు కొనేవాళ్ళు తెడ్డు చూస్తారు. బడి నడిపేవాళ్ళకి ఆ మాత్రం తెలియదా" అని చుట్ట వెలిగించుకుంది.

శివరాత్రి వచ్చింది. గడ్డి కింద నీడలో ఆరబెట్టి, గానుగ నూనె పట్టించిన తెడ్లూ కవ్వాలూ గోతాల్లో కట్టి, బస్సు మీదకెక్కించి కోటప్పకొండకు చేరాం. బళ్ళ మీద నిలబెట్టిన ఎత్తైన ప్రభలు వచ్చే దారి పక్కన గోనెపట్టా పరిచి సరుకు పెట్టాం. జనం, దుమ్ము, చెరుకు గడల మోపులు, జిలేబీ పాకం వాసన. తడిగోనెలో చుట్టి తెచ్చిన పచ్చిముక్క ఒకటి నా చేతిలో పెట్టి, "ఊరికే కూర్చోబాక. చెయ్యి ఆడించు. చూసేవాళ్ళు చూస్తారు" అంది.

చూశారు. పెద్దంచు పట్టుచీర కట్టుకున్న ఒకామె అన్నం తెడ్డు ఎంచుకుని, నా వైపు చూసి, తెడ్డును కింద పెట్టేసింది.

"ఎడంచేత్తో చేసిందా ఇది? దీంతో అన్నం కలిపి పిల్లలకి పెట్టాలా?"

"నీ కుడిచేత్తో ఒకటి చేసి చూపించు తల్లీ. నా సరుకంతా నీకిచ్చి ఇంటికిపోతా" అంది పెద్దమ్మమ్మ.

ఆ పట్టుచీర ఆమె ముఖం ముడుచుకుని పోయింది. ఆమెతో వచ్చినవాళ్ళూ పోయారు. ఆ మాట పక్క దుకాణాలకు పాకింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మా పట్టా ముందు ఎవరూ ఆగడం లేదు. నాకు ఏడుపొచ్చింది. "నేను గోతాల వెనక్కి పోతా పెద్దమ్మమ్మా" అన్నాను.

"ఎందుకు?"

"నావల్లే గదా."

"కూర్చో" అంది. లేచి నిలబడి గొంతెత్తింది. "పుర్రచేతి తెడ్లు. రాండి, చూసుకోండి. పల్నాడంతా తిరిగినా దొరకవు. పుర్రచేతి తెడ్లు."

నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. కానీ జనం ఆగారు. వింతకే ఆగారు. వాళ్ళలోంచి ఒక వంటాయన వచ్చాడు. సత్రంలో అన్నదానానికి వండుతున్నాడట, పంచె అంతా పసుపు. ఒక పెద్ద తెడ్డు తీసుకుని గాల్లోనే గుండిగ కలిపినట్టు తిప్పి చూశాడు.

"ఎవరు చేస్తే నాకేందమ్మా. అడుగంటకుండా కలిస్తే చాలు. పట్టు బాగుంది. ఇట్టాంటియ్యి నాలుగు తియ్యి" అన్నాడు.

ఆయన తర్వాత ఇద్దరు ముగ్గురు వచ్చారు. అదే సమయంలో నాన్న వచ్చాడు. మా ఊరి ప్రభతోపాటు వచ్చినట్టున్నాడు, తలపాగా నిండా గులాలు. ఆయన వెనక మా ఊరివాళ్ళు. గుంపును తోసుకుని ముందుకొచ్చి, పట్టా మీద కాళ్ళు చాపుకుని ఎడమచేత్తో కత్తి నడుపుతున్న కూతుర్ని చూశాడు.

"లే" అన్నాడు.

నేను కత్తి ఆపకుండా చెప్పాను. "ఇది అయ్యిందాకా లేవను నాన్నా."

ఊరివాళ్ళ ముందు ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అట్లా అని ఉండరు. వంగి నా చేతిలోంచి తెడ్డు లాక్కుని, మోకాలికి అడ్డంపెట్టి విరవబోయాడు. అది వంగింది. మళ్ళీ బలంగా వంచాడు. ఇంకా వంగింది, వదలగానే తిరిగి లేచింది. మూడోసారి పళ్ళు బిగించాడు. చుట్టూ ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత చాలామంది నవ్వారు.

"పచ్చిచెక్క అల్లుడా అది. ఇప్పుడు విరగదు" అంది పెద్దమ్మమ్మ.

నాన్న తెడ్డును దుమ్ములోకి విసిరి నా చెంప మీద కొట్టాడు. కుడిచేత్తో. అదే మొదటిసారి, అదే చివరిసారి. చెవి గుయ్యిమంది. నేను ఏడవలేదు. లేచి నాలుగడుగులు వేసి తెడ్డు తీసుకున్నాను. పావడాతో దుమ్ము తుడిచాను. వచ్చి నా చోట కూర్చుని వంపుకత్తి పెట్టి గుంట తియ్యడం మొదలుపెట్టాను. కత్తి నడిచింది.

నవ్వులు ఆగిపోయాయి. నాన్న అక్కడే నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు, నేను తలెత్తలేదు. ఆయన కాళ్ళు మాత్రం కనిపించాయి. గుంట పూర్తయి, అంచు నునుపు చేసి, తెడ్డును పట్టా మీద పెట్టి అప్పుడు లేచాను.

నాన్నతో ఇంటికి వెళ్ళేముందు పెద్దమ్మమ్మను పక్కకు లాగి అడిగాను. "నాన్న కొడుతుంటే అడ్డం రాలేదేంది?"

"నేనొస్తే అది నా తగాదా అయ్యేది. నీది నీకే ఉంచా" అంది. వంపుకత్తిని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది.

నాన్న నన్ను బండిలో ఊరికి తీసుకెళ్ళాడు. నాయనమ్మ రెండు వారాలు మాట్లాడలేదు. నేను కసువు ఊడిస్తే ఎడమచేత్తో ఊడ్చాను, కూర తరిగితే ఎడమచేత్తో తరిగాను. ఎవరూ సంచి తొడగలేదు. బడి సంగతి ఎవరూ ఎత్తలేదు. వేసవి సెలవులయ్యాక బడులు తెరిచిన రోజు పొద్దున నాన్న చొక్కా తొడుక్కుని గడపలో నిలబడి, "పలక ఏదీ" అన్నాడు. కొత్తది కొనుక్కొచ్చి గూట్లో పెట్టి ఉంచాడు.

బళ్ళో పంతులుగారు నన్ను చూడగానే సొరుగులోంచి నులకతాడు తీశాడు. నాన్న గుమ్మంలోనే ఉన్నాడు.

"కట్టబాకండి పంతులుగారూ" అన్నాడు.

"మీరే గదండీ మార్చమన్నది."

"నేనే అన్నా. లేవమంటే లేవలేదు, కొడితే ఏడవలేదు. మీ తాడేం చేసిద్ది దాన్ని." అని ఆగి, "నా వల్ల కాలేదు. మీ వల్ల కూడా కాదు" అన్నాడు.

నాన్న నన్ను మెచ్చుకోలేదు, క్షమాపణ అడగలేదు. ఓడిపోయానని నలుగురిలో ఒప్పుకున్నాడు. మాట పడలేని మనిషికి అది ఎంత కష్టమో అప్పుడు నాకు తెలియదు. పంతులుగారు ఆ ఏడాదంతా దస్తూరీకి నాకు సున్నాలే వేశాడు. వెయ్యనీ అనుకుని రాస్తూ పోయాను.

ఆ తర్వాత మరి రెండు చలికాలాలు పెద్దమ్మమ్మ దగ్గరికి పోయాను. మూడో చలికాలానికి ఆమె లేదు. చుట్టాలు వచ్చి పనిముట్ల పెట్టె పట్టుకుపోయారట. ఈసారి దాని మీద కూర్చునేవాళ్ళు లేరు. నేను చదువుకుని పోస్టాఫీసులో ఉద్యోగం చేశాను. ముప్పై ఏళ్ళు ఎడమచేత్తో ముద్రలు కొట్టాను, ఎడమచేత్తో సంతకాలు పెట్టాను. కౌంటరు అవతల నుంచి "కుడిచేత్తో ఇవ్వమ్మా" అన్నవాళ్ళకు, "ఇందులో ఉంది, కావాలంటే తీసుకోండి" అన్నాను. అందరూ తీసుకున్నారు.

నాలుగేళ్ళ కింద ఆ ఊరు వెళ్ళాను. స్టీలు గరిటెలు లేని ఇల్లు లేదు. కొలిమి ఉన్నచోట వెల్డింగు షాపు. వాగులో నీళ్ళు లేవు, ఒడ్డున రాళ్ళ ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. అంకుడు చెట్టు చూపించమని మేకలు కాసే ఒకామెను అడిగితే, "ఆ పేరే వినలేదమ్మా" అంది. పనిమొద్దు ఉన్న చదునును కూడా నేను పోల్చుకోలేకపోయాను.

ఆమధ్య మా తమ్ముడింట్లో భోజనాల దగ్గర ఈ కబుర్లు వచ్చాయి. వాడు నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. నాన్నంటే వాడికి ప్రాణం. నేను నులకతాడు సంగతి, చెంపదెబ్బ సంగతి చెబుతుంటే మధ్యలో ఆపాడు.

"పోనీలే అక్కా. ఆ రోజులు అట్టాంటియ్యి. వాళ్ళకేం తెలుసు పాపం" అన్నాడు.

అందరూ తలలూపారు. పెద్దదాన్ని కాబట్టి నేనూ ఊపి, మజ్జిగ పోసుకుని, మాట మార్చాలని వాళ్ళ ఉద్దేశం. నేను ఊపలేదు.

"పెద్దమ్మమ్మ కూడా ఆ రోజుల్లోనే బతికిందిరా" అన్నాను. "బళ్ళో కాలు పెట్టలేదు. సంతకం రాదు. ఆమెకి తెలిసింది గదా. మరి వీళ్ళకెందుకు తెలియలేదో చెప్పు."

వాడు విస్తరి మడిచి లేవబోయాడు. మరదలు వచ్చి ఇంకొంచెం పెరుగు వెయ్యనా వదినా అని అడిగింది. వద్దన్నాను. వాడు జవాబు చెప్పేదాకా అక్కడే కూర్చుంటానన్నాను.